గేమ్ కన్సోలుకు వీడియో స్ట్రీమింగు – ఫార్మాట్ల ఎంపిక

ఇంటిలోని కంప్యూటరులో దాచిన వీడియోలను ఇంటి నెట్‌వర్కు ద్వారా గేమ్ కన్సోలుకు పంపి, దానికి కలిపిన టీవీలో చూసే పద్ధతిని కన్సోలుకు వీడియో స్ట్రీమింగు అంటారు. ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360 వంటి కన్సోళ్ళు ప్రధానంగా ఆటల కోసం తయారైనవే అయినా, వీడియోలను చూపించే సామర్థ్యం కూడా వాటికి ఉంది. అయితే ఏ కన్సోలూ అన్ని రకాల ఫైళ్ళనూ ఆడించలేదు. కంప్యూటరులో చక్కగా ఆడిన ఫైలు కన్సోలు జాబితాలో అసలు కనిపించకపోవడం, బొమ్మ వచ్చి మాట రాకపోవడం, ఆగి ఆగి నడవడం తరచుగా ఎదురయ్యే ఇబ్బందులు. వీటిలో చాలావరకు ఫార్మాటు ఎంపికకు సంబంధించినవే. ఫైలు పేరు చివర ఉండే అక్షరాలను కాక, ఫైలు లోపల ఉన్నదానిని బట్టి ఎంపిక చేయడం, చూడడానికి తయారుచేసిన ప్రతి కోసం మూల ప్రతిని పోగొట్టుకోకుండా ఉండడం ఈ విషయంలో ముఖ్యమైన రెండు సూత్రాలు.

నేపథ్యం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి అంచున ఉన్న పట్టణాలు. మదనపల్లె, పుంగనూరులకు కర్ణాటక సరిహద్దు దగ్గర. కుప్పం కర్ణాటక, తమిళనాడు రాష్ట్రాలు రెండింటికీ ఆనుకొని, బెంగుళూరు - జోలార్‌పేట రైలుమార్గంపై ఉంది. ఈ ప్రాంతం నుంచి చదువుకు, ఉద్యోగాలకు బెంగుళూరు వెళ్ళేవారు చాలామంది. కంప్యూటర్లు, డిజిటల్ కెమెరాలు ఇక్కడికి కొంత ముందుగానే వచ్చాయి. 2002లో హ్యూలెట్-ప్యాకార్డ్ సంస్థ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి కుప్పంలో ఐ-కమ్యూనిటీ అనే పథకాన్ని ఆరంభించాయి. గ్రామాలలో సమాచార కేంద్రాలు ఏర్పాటు చేయడం, డిజిటల్ కెమెరా, సౌరశక్తితో పనిచేసే చిన్న ప్రింటరు ఇచ్చి గ్రామీణ మహిళలకు ఫోటోలు తీయడం నేర్పడం ఈ పథకంలో భాగాలు.

తెలుగునాట ఇళ్ళలో వీడియోలు తరానికొక రూపంలో పోగుపడ్డాయి. 1980, 90 దశకాల పెళ్ళిళ్ళు వీహెచ్ఎస్ టేపులలో ఉన్నాయి. ఆ తరువాత వీసీడీలు వచ్చాయి. 1993లో రూపొందిన వీసీడీ ప్రమాణం ప్రకారం ఒక డిస్కులో సుమారు 74 నుంచి 80 నిమిషాల వీడియో పడుతుంది. అందువల్లనే రెండున్నర గంటల తెలుగు సినిమా రెండు డిస్కులుగా, ఇంకా పెద్దదైతే మూడు డిస్కులుగా అమ్మేవారు. పిమ్మట డీవీడీలు, మెమొరీ కార్డులు, నేడు సెల్‌ఫోన్లు. ఒక్కొక్క దానిలో వీడియో ఒక్కొక్క ఫార్మాటులో ఉంటుంది. వీటన్నిటినీ ఒకే టీవీలో చూడడానికి కన్సోలు ఒక సాధనం.

ఎక్స్‌బాక్స్ 360 అమెరికాలో 2005 నవంబరులోను, భారతదేశంలో 2006లోను విడుదలైంది. ప్లేస్టేషన్ 3 జపాను, అమెరికాలలో 2006 నవంబరులోను, భారతదేశంలో 2007లోను విడుదలైంది.

పనిచేసే విధానం

ఈ పద్ధతిలో రెండు పాత్రలు ఉంటాయి. వీడియోలు దాచి, అడిగినప్పుడు పంపే కంప్యూటరు సర్వరు. అడిగి తీసుకొని చూపించే కన్సోలు క్లయింటు. ఇవి రెండూ ఒకదానినొకటి గుర్తించి మాట్లాడుకోవడానికి డీఎల్ఎన్ఏ అనే నియమావళి ఉంది. దీనిని రూపొందించిన సంఘం 2003లో సోనీ, ఇంటెల్ తదితర సంస్థల చొరవతో ఏర్పడింది. 2017లో ఆ సంఘం రద్దయినా, నియమావళిని పాటించే పరికరాలు, సాఫ్టువేర్లు నేటికీ వాడుకలో ఉన్నాయి. యూనివర్సల్ మీడియా సర్వర్, మినీడీఎల్ఎన్ఏ ఇటువంటి ఉచిత సర్వరు సాఫ్టువేర్లు.

ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన అంశం ఒకటి ఉంది. ఈ స్ట్రీమింగుకు అంతర్జాలంతో పని లేదు. వీడియో కంప్యూటరు నుంచి రౌటరుకు, రౌటరు నుంచి కన్సోలుకు మాత్రమే ప్రయాణిస్తుంది. 2017 డిసెంబరులో ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ గాని, మరొక సంస్థ గాని ఇంటికి ఇచ్చే కనెక్షను ఎంత నెమ్మదైనదైనా, ఆ సమయానికి అసలు పనిచేయకపోయినా, ఇంటిలోని స్ట్రీమింగుకు ఆటంకం కలగదు. డేటా పరిమితి కూడా ఖర్చు కాదు. యూట్యూబు ఆగి ఆగి ఆడటానికీ, ఇంటి వీడియో ఆగి ఆగి ఆడటానికీ కారణాలు వేరు.

పెట్టె, లోపలి సరుకు

ఏవీఐ, ఎంపీ4, ఎంకేవీ, డబ్ల్యుఎంవీ మొదలైనవి ఫైలు పేరు చివర కనిపిస్తాయి. ఇవి చాలావరకు కంటెయినర్ల పేర్లు, అంటే పెట్టెల పేర్లు. పెట్టెలో బొమ్మ ఒక ట్రాకుగా, శబ్దం మరొక ట్రాకుగా, సబ్‌టైటిళ్ళు ఇంకొక ట్రాకుగా ఉంటాయి. బొమ్మను, శబ్దాన్ని కుదించి, మరల విప్పే పద్ధతిని కోడెక్ అంటారు.

మదనపల్లె టమాటా మార్కెట్టుకు వచ్చే పెట్టెలన్నీ చూడడానికి ఒకేలా ఉంటాయి. పెట్టెను చూసి కాయ నాటుదో, హైబ్రిడ్‌దో చెప్పలేము. మూత తీసి చూడాలి. వీడియో ఫైలు విషయమూ అంతే. రెండు ఏవీఐ ఫైళ్ళలో ఒకదానిలో ఎక్స్‌విడ్, మరొకదానిలో వేరొక కోడెక్ ఉండవచ్చు. ఒకటి ఆడి, రెండవది ఆడకపోవడానికి కారణం ఇదే. లోపల ఏమున్నదో తెలుసుకోవడానికి మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్టువేరు ఉపయోగపడుతుంది.

ఇదే పోలిక మార్పిడి రకాలకు కూడా వర్తిస్తుంది. కాయలను ఒక పెట్టెలో నుంచి మరొక పెట్టెలోకి మార్చితే కాయకు నష్టం లేదు. దీనిని రీమక్సింగు అంటారు. ఎంకేవీ పెట్టెలోని హెచ్.264 వీడియోను ఎంపీ4 పెట్టెలోకి మార్చడం కొద్ది నిమిషాలలో పూర్తవుతుంది, నాణ్యత ఇసుమంతైనా తగ్గదు. ఒక కోడెక్ నుంచి మరొక కోడెక్‌కు మార్చడాన్ని ట్రాన్స్‌కోడింగు అంటారు. ఇది కాయలను పచ్చడి చేయడం వంటిది. పచ్చడి నుంచి కాయ తిరిగి రాదు. ట్రాన్స్‌కోడింగు చేసిన ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది, గంటల కొద్దీ సమయమూ పడుతుంది. కాబట్టి రీమక్సింగుతో పని జరిగే చోట ట్రాన్స్‌కోడింగు చేయకూడదు.

ముఖ్యమైన కోడెక్‌లు

ఎంపెగ్-1: వీసీడీలలో వాడినది. పాల్ పద్ధతిలో బొమ్మ పరిమాణం 352×288, వీడియో బిట్‌రేటు సెకనుకు 1,150 కిలోబిట్లు.

ఎంపెగ్-2: డీవీడీలలో వాడేది. పాల్ పద్ధతిలో పరిమాణం 720×576. వీడియో బిట్‌రేటు సెకనుకు 9.8 మెగాబిట్ల వరకు ఉండవచ్చు.

డివ్ఎక్స్, ఎక్స్‌విడ్: ఎంపెగ్-4 ప్రమాణంలోని రెండవ భాగాన్ని అనుసరించినవి. ఒక సినిమాను 700 మెగాబైట్ల సీడీలో పట్టించడానికి 2000 దశకంలో విరివిగా వాడారు. సాధారణంగా 1992లో మైక్రోసాఫ్ట్ ప్రవేశపెట్టిన ఏవీఐ పెట్టెలో ఉంటాయి.

హెచ్.264: 2003లో ఆమోదం పొందినది. ఏవీసీ అని కూడా పిలుస్తారు. దాదాపు అదే నాణ్యతను ఎంపెగ్-2 కంటే చాలా తక్కువ బిట్‌రేటులో ఇస్తుంది. కన్సోళ్ళు, ఫోన్లు, టీవీలు అన్నిటిలో ఇది ఆడుతుంది.

హెచ్.265: 2013 నాటిది. హెచ్ఈవీసీ అని కూడా పిలుస్తారు. కొత్త ఫోన్లు చాలావరకు ఈ పద్ధతిలో వీడియో తీయగలవు. పాత కన్సోళ్ళు దీనిని ఆడించలేవు.

శబ్దానికి సంబంధించి ఎంపీ3, ఏఏసీ, ఏసీ-3, డీటీఎస్ ప్రధానమైనవి. బొమ్మ వచ్చి శబ్దం రాకపోతే ముందుగా శబ్ద కోడెక్‌ను అనుమానించవలెను.

కన్సోళ్ళు ఆడించే ఫార్మాట్లు

ఎక్స్‌బాక్స్ 360 మొదట్లో నెట్‌వర్కు మీద డబ్ల్యుఎంవీ వీడియోలను మాత్రమే ఆడించేది. 2007 మే నెల నవీకరణతో హెచ్.264, డిసెంబరు నవీకరణతో డివ్ఎక్స్, ఎక్స్‌విడ్ చేరాయి. ప్లేస్టేషన్ 3కు 2007 మే నెలలో డీఎల్ఎన్ఏ సదుపాయం, డిసెంబరులో డివ్ఎక్స్, డబ్ల్యుఎంవీ సదుపాయాలు కలిగాయి. ఈ రెండు కన్సోళ్ళూ హెచ్.264లో హై ప్రొఫైలు, 4.1 లెవెలు వరకు అంగీకరిస్తాయి. ప్రొఫైలు, లెవెలు అనేవి కోడెక్ ఎంత క్లిష్టంగా కుదించిందో తెలిపే కొలతలు. వీటిని మించితే హెచ్.264 ఫైలు అయినా ఆడదు. ఎంకేవీ పెట్టెను ఈ రెండు కన్సోళ్ళూ నేరుగా ఆడించవు.

2013లో వచ్చిన ప్లేస్టేషన్ 4కు 2015 జూనులో మీడియా ప్లేయరు ఆప్ చేరింది. ఎక్స్‌బాక్స్ వన్‌కు 2014లో ఇటువంటి ఆప్ వచ్చింది. ఇవి రెండూ ఎంకేవీని కూడా అంగీకరిస్తాయి. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5లో డీఎల్ఎన్ఏ ప్లేయరు అంతర్గతంగా లేదు. దానిలో ప్లెక్స్ వంటి ఆప్‌ను వాడవలసి ఉంటుంది. నింటెండో వీ కన్సోలులో డీఎల్ఎన్ఏ సదుపాయం లేదు. కన్సోలు కొత్తదైనంత మాత్రాన పాతదాని సదుపాయాలన్నీ ఉంటాయని భావించరాదు.

బిట్‌రేటు, పరిమాణం, నెట్‌వర్కు

ఒక సెకను వీడియోకు ఎన్ని బిట్లు ఖర్చవుతాయో తెలిపేది బిట్‌రేటు. దీని నుంచి ఫైలు పరిమాణాన్ని సులభంగా లెక్కించవచ్చు. బిట్‌రేటును సెకన్లతో గుణించి 8తో భాగిస్తే మెగాబైట్లు వస్తాయి. ఉదాహరణకు 150 నిమిషాల సినిమాను సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున తయారుచేస్తే:

4 × 150 × 60 ÷ 8 = 4,500 మెగాబైట్లు

ఈ ఫైలును పెన్‌డ్రైవులో పెట్టి ప్లేస్టేషన్ 3కు ఇవ్వాలంటే కుదరదు. ఆ కన్సోలు గుర్తించే ఫ్యాట్32 పద్ధతిలో ఒక్కొక్క ఫైలు 4 గిగాబైట్లను మించకూడదు. ఆ పరిమితి పెన్‌డ్రైవుది. నెట్‌వర్కు ద్వారా పంపినప్పుడు అది అడ్డురాదు. సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున తయారుచేస్తే అదే సినిమా 2,250 మెగాబైట్లలో ముగుస్తుంది.

హెచ్.264కు సాధారణంగా సరిపోయే బిట్‌రేట్లు ఇవి: 720×576 పరిమాణానికి సెకనుకు 1.5 నుంచి 2 మెగాబిట్లు, 1280×720 పరిమాణానికి 4, 1920×1080 పరిమాణానికి 8. నృత్యం, జనసమ్మర్దం, టపాకాయల వెలుగులు ఉన్న దృశ్యాలకు ఇంతకంటే ఎక్కువ కావాలి.

నెట్‌వర్కు వేగం బిట్‌రేటు కంటే కనీసం రెట్టింపు ఉండడం మంచిది. 802.11జి వైఫై పేరుకు 54 మెగాబిట్లు అయినా, ఆచరణలో అందేది 20 నుంచి 25 మాత్రమే. మందపు గోడ అడ్డు ఉంటే అది కూడా తగ్గుతుంది. 100 మెగాబిట్ల ఈథర్నెట్ తీగ 90కి పైగా ఇస్తుంది, స్థిరంగా ఇస్తుంది. మొదటి తరం ఎక్స్‌బాక్స్ 360లో వైఫై అంతర్గతంగా లేదు. ఆగి ఆగి ఆడే వీడియోకు ఫార్మాటు మార్చే ముందు ఒకసారి తీగతో కలిపి చూడవలెను. తీగతో సరిగా ఆడితే తప్పు ఫైలుది కాదు.

పాత పెళ్ళి వీడియోలు

ఫార్మాటు ఎంపికలో తప్పు జరిగితే సినిమాకు పెద్ద నష్టం లేదు, మరొక డిస్కు దొరుకుతుంది. ఇంటి వీడియో సంగతి వేరు. గతించిన తాతలు, అమ్మమ్మలు నడుస్తూ మాట్లాడుతూ కనిపించేది, వారి గొంతు వినిపించేది చాలా కుటుంబాలలో ఒకే ఒక్క పెళ్ళి టేపులో. ఆ టేపునకు బూజు పడుతుంది, అయస్కాంత పూత రాలుతుంది. దానిని ఆడించే యంత్రాలు కూడా అరుదవుతున్నాయి. జపానుకు చెందిన ఫునాయ్ సంస్థ 2016 జులైలో వీసీఆర్ల తయారీని నిలిపివేసింది.

అందువల్ల టేపును కంప్యూటరుకు ఎక్కించేటప్పుడు రెండు ప్రతులు తయారుచేసుకోవలెను. మొదటిది భద్రపరిచే ప్రతి. దీనిని తక్కువగా కుదించే డీవీ ఫార్మాటులో గాని, ఎక్కువ బిట్‌రేటు గల ఎంపెగ్-2లో గాని ఉంచుతారు. డీవీ గంటకు సుమారు 13 గిగాబైట్లు తీసుకుంటుంది. మూడు గంటల టేపునకు 39 గిగాబైట్లు కాగా, ఒక టెరాబైటు హార్డుడిస్కులో సుమారు 25 టేపులు పడతాయి. రెండవది చూసే ప్రతి. దీనిని కన్సోలుకు తగినట్లు హెచ్.264లో తయారుచేస్తారు. రేపు కన్సోలు మారితే, భద్రపరిచిన ప్రతి నుంచి మరొకటి తయారుచేసుకోవచ్చు. చూసే ప్రతిని మాత్రమే ఉంచుకొని టేపును పారవేస్తే, ప్రతి కొత్త పరికరానికీ పచ్చడిని మళ్ళీ నూరినట్లే అవుతుంది.

ఈ మార్పిడిలో మూడు విషయాలు గమనించాలి. మొదటిది, భారతదేశపు పాల్ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు, ఒక్కొక్క ఫ్రేములో 576 గీతలు ఉంటాయి. బేసి గీతలు ఒకసారి, సరి గీతలు మరొకసారి వస్తాయి. వీటిని సరిగా కలపకపోతే కదిలే వస్తువుల అంచులు దువ్వెన పళ్ళలా కనిపిస్తాయి. దీనిని సవరించడాన్ని డీఇంటర్‌లేసింగు అంటారు. రెండవది, 25 ఫ్రేములను 30కి మార్చకూడదు. మార్చితే కదలిక కుదుపులతో సాగుతుంది. మూడవది, పాత వీడియోల వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 4:3. దానిని 16:9 టీవీకి సరిపడా సాగదీస్తే పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు లావుగా కనిపిస్తారు. ఇరుపక్కల నల్లని ఖాళీ ఉండడమే సరియైనది.

విదేశాలలోని బంధువులకు కూడా ఇది ఉపయోగకరం. అమెరికాలో అమ్మిన డీవీడీ ప్లేయర్లలో అనేకం పాల్ డిస్కులను ఆడించవు. ఇక్కడి నుంచి పంపిన పెళ్ళి డీవీడీ అక్కడ ఆడకపోవడానికి ఇదే కారణం. అదే వీడియోను ఎంపీ4 ఫైలుగా పంపితే ఈ ఇబ్బంది ఉండదు.

భాషా ట్రాకులు, తెలుగు సబ్‌టైటిళ్ళు

కుప్పం వంటి మూడు భాషల కూడలిలో ఒకే ఇంట్లో తెలుగు, తమిళం, కన్నడం వినిపించడం సహజం. ఎంకేవీ పెట్టెలో ఒకే బొమ్మకు మూడు భాషల శబ్ద ట్రాకులనూ జతచేయవచ్చు. కాని భాషను మార్చుకునే వీలు అన్ని కన్సోళ్ళలో, అన్ని ఫైళ్ళకూ ఉండదు. పెట్టెలో మొదట ఉన్న ట్రాకే వినిపించవచ్చు. అటువంటప్పుడు కావలసిన భాషను మొదటి ట్రాకుగా పెట్టి రీమక్సింగు చేస్తే సరిపోతుంది. ఎంకేవీటూల్‌నిక్స్ అనే ఉచిత సాఫ్టువేరు ఈ పని చేస్తుంది. పాత కన్సోలు కోసం ఎంపీ4 కావలసినప్పుడు ఎఫ్ఎఫ్ఎంపెగ్ వాడవచ్చు.

తెలుగు సబ్‌టైటిళ్ళకు మరొక చిక్కు ఉంది. సబ్‌టైటిలు ఫైలును యూనికోడులో, యూటీఎఫ్-8 పద్ధతిలో దాచినా, కన్సోలులో తెలుగు ఫాంటు లేకపోతే అక్షరాలకు బదులు డబ్బాలు కనిపిస్తాయి. ఫాంటు ఉన్నా, గుణింతాలను, వత్తులను కూర్చే ఏర్పాటు లేకపోతే అక్షరాలు విడివిడిగా పడతాయి. దీనికి నమ్మకమైన పరిష్కారం సబ్‌టైటిళ్ళను బొమ్మలోనే ముద్రించడం. ఎఫ్ఎఫ్ఎంపెగ్, హ్యాండ్‌బ్రేక్ సాఫ్టువేర్లతో ఇది సాధ్యం. అయితే దీనికి ట్రాన్స్‌కోడింగు తప్పనిసరి, ఒకసారి ముద్రించిన అక్షరాలను తరువాత తీసివేయలేము.

ఎంపిక చేసే క్రమం

1. మీడియాఇన్ఫోతో ఫైలును పరిశీలించి పెట్టె, వీడియో కోడెక్, శబ్ద కోడెక్, బిట్‌రేటులను గుర్తించాలి.
2. కన్సోలు అంగీకరించే జాబితాతో పోల్చాలి. అన్నీ సరిపోతే ఏ మార్పూ అవసరం లేదు.
3. పెట్టె ఒక్కటే సరిపోకపోతే రీమక్సింగు చేయాలి.
4. శబ్దం ఒక్కటే సరిపోకపోతే శబ్దాన్ని మాత్రమే మార్చి, బొమ్మను ఉన్నదున్నట్లు ఉంచాలి.
5. బొమ్మ కూడా సరిపోకపోతేనే ట్రాన్స్‌కోడింగు చేయాలి. ఎంపీ4 పెట్టె, హెచ్.264 హై ప్రొఫైలు 4.1 లెవెలు, రెండు ఛానెళ్ళ ఏఏసీ శబ్దం, పాత కొత్త కన్సోళ్ళు రెండింటికీ సరిపడే కలయిక.
6. మొత్తం ఫైలును మార్చే ముందు రెండు నిమిషాల ముక్కను మార్చి, కన్సోలులో ఆడించి చూడాలి.

సర్వరు సాఫ్టువేరు అప్పటికప్పుడు ట్రాన్స్‌కోడింగు చేసి కూడా పంపగలదు. దీనికి కంప్యూటరు వేగవంతమైనదై ఉండాలి. పాత కంప్యూటర్లలో బొమ్మ ఆగిపోతుంది, ముందుకు వెనుకకు జరపడం కష్టమవుతుంది. తరచుగా చూసే వీడియోలను ముందే మార్చి ఉంచుకోవడం మేలు.

కరెంటు కోతలు ఉన్న చోట మరొక జాగ్రత్త అవసరం. ఎంపీ4 ఫైలుకు సంబంధించిన సూచిక సాధారణంగా మార్పిడి చివరలో రాయబడుతుంది. మధ్యలో కరెంటు పోతే అప్పటివరకు తయారైన భాగం కూడా ఆడదు. ఎంకేవీలో అంతవరకు రాసిన భాగం ఆడుతుంది. కాబట్టి సుదీర్ఘమైన మార్పిడిని ముందు ఎంకేవీగా చేసి, పూర్తయిన పిమ్మట ఎంపీ4 పెట్టెలోకి మార్చుకోవచ్చు.

చట్టపరమైన అంశం

సొంతంగా తీయించుకున్న కుటుంబ వీడియోల మార్పిడికి ఆటంకం లేదు. సినిమా డిస్కుల విషయంలో 1957 నాటి భారత కాపీహక్కుల చట్టం వర్తిస్తుంది. 2012 సవరణ ద్వారా చేర్చిన 65ఏ సెక్షను ప్రకారం, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో డిస్కులోని రక్షణ ఏర్పాటును ఛేదించడం శిక్షార్హం.